ఇంజిన్ అరిగితే నేరం లోడుదేనా?

పికప్ బండి లక్ష కిలోమీటర్లు తిరక్కముందే ఆయిల్ తాగుతూ, నీలిపొగ వదులుతూ బోరింగుకు వచ్చిందంటే షెడ్డులో అందరిదీ ఒకే తీర్పు: ఓవర్‌లోడు వేశారు, లేదా డ్రైవరుకు తోలడం రాదు. వాయిదాలు ఇంకా తీరని ఓనరు సైతం ఆ మాట నమ్మి డ్రైవరు మీద కేకలేస్తాడు. ఓవర్‌లోడు మన రోడ్ల మీద నిత్యం కనబడేదే కాబట్టి ఈ తీర్పును ప్రశ్నించేవారు లేరు. ప్రశ్నించాలి. ముందుగా అనుమానించాల్సింది బండి మోసిన బరువును కాదు, కిలోమీటర్లను నమ్మి వేళ మించాక చేయిస్తున్న సర్వీసింగును.

క్రాంకు షాఫ్టుకు రోడ్డుతో పని లేదు. చక్రాలు ఆగినా అది తిరుగుతూనే ఉంటుంది, రింగులు లైనరును రాస్తూనే ఉంటాయి. 10,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చే బండి హైవే మీద గంటకు సగటున 50 కిలోమీటర్లు పోతే, రెండు మార్పుల మధ్య ఇంజిన్ 200 గంటలు నడిచినట్టు. అదే బండి బోయినపల్లి మార్కెట్లో కూరగాయలు ఎత్తుకుని, సందుసందునా ఇంజిన్ ఆపకుండానే దింపుతూ సగటున 10 కిలోమీటర్లే పోతే, అది 1,000 గంటలు. మీటరు మాత్రం రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. ట్రాక్టరు రైతూ జేసీబీ ఓనరూ ఎప్పటినుంచో గంటల లెక్కే చూస్తారు. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకే ఆయిల్ మారుస్తారు. అదే ఊరి దుమ్ములో తిరిగే పికప్‌కు మనం కారు లెక్క అంటగట్టాం.

నిలబడిన బండికి అరుగుదలేముందని అడుగుతారు. ఐడ్లింగులో సిలిండరు తగినంత వేడెక్కదు. సరిగా కాలని డీజిలూ మసీ రింగులు దాటి ఆయిల్లోకి దిగుతాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఈ బాధ పెరిగింది. మసిని పట్టే డీపీఎఫ్ శుభ్రపడాలంటే వేడి కావాలి. అందుకోసం చాలా ఇంజిన్లు సిలిండర్లోకి ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతాయి. అందులో కొంత లైనరు వెంట జారి సంపులో పడుతుంది. ఆ పని పూర్తికాకుండానే బండి ఆగిపోతే మళ్లీ మొదటికి. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గలేదు కదా అని ఓనరు నిశ్చింతగా ఉంటాడు. లోపల ఆయిల్ పలచబడి బేరింగులను కాపాడే పొర బలహీనపడుతూ ఉంటుంది.

ఓవర్‌లోడును నేను వెనకేసుకు రావడం లేదు. బ్రేకులు పట్టక ప్రాణాలు పోతాయి, దాన్ని మానడానికి ఆ ఒక్క కారణం చాలు. కానీ దాని దెబ్బ ముందు కమాన్లకు, టైర్లకు, క్లచ్ ప్లేటుకు తగులుతుంది. ఎంత బరువెక్కించినా ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరు, అంటే ఈసీయూ, తన హద్దు దాటి డీజిల్ వదలదు. ఆ హద్దు దగ్గరే ఎక్కువసేపు పనిచేసి ఇంజిన్ వేడెక్కుతుంది, నిజమే; ఆయిల్ ఇంకా ముందే మార్చాలనడానికి అదీ ఒక కారణమే. కమాన్లూ క్లచ్చూ బాగుండి రింగులూ లైనర్లే అరిగితే వెతకాల్సింది దుమ్మును. మట్టిరోడ్డు దుమ్ములోని ఇసుక రేణువులు ఇనుము కన్నా గట్టివి. ఎయిర్ ఫిల్టరును కంప్రెసరు గాలితో కొట్టి మళ్లీ బిగించడం మన షెడ్లలో అలవాటు. ఆ కాగితానికి కంటికి ఆనని చిరుగు పడినా రేణువులు నేరుగా సిలిండర్లోకే పోతాయి. ఆ చిరుగును డ్రైవరు ఖాతాలో రాయడం అన్యాయం.

కఠిన పరిస్థితుల్లో ఆయిల్ ముందే మార్చమని పుస్తకంలో రాశాం కదా అని తయారీదారులు అనవచ్చు. ఎంత ముందో ఓనరు దేనితో కొలవాలి? ఇంజిన్ నడిచిన గంటలు లెక్కించడం ఈసీయూకు కష్టం కాదు. ఆ అంకె డాష్‌బోర్డు మీద కనబడాలి, వారంటీ షరతుల్లో కిలోమీటర్ల పక్కన గంటలూ ఉండాలి. అవి వచ్చేదాకా ఇంజిన్ నడిచిన గంటలను డ్రైవరుతో రోజూ రాయించుకుని, ఆ లెక్క ప్రకారమే ఆయిల్ మార్పించాలి.