సాయము సాగుచేయువానికి చేరవలెను

రైతు సోదరులారా! పెట్టుబడికని ప్రభుత్వమిచ్చు సాయము ఎవరి చేతికి చేరుచున్నదో యోచింపుడు. 2018లో తెలంగాణలో రైతుబంధు క్రింద ఎకరమునకు, పంటకు రు. 4,000 చొప్పున ఇచ్చిరి. 2019లో కేంద్రము పి.ఎం. కిసాన్ క్రింద ఏటికి రు. 6,000 మూడు వాయిదాలలో ఇచ్చుటకు పూనుకొన్నది. రెండును భూమి ఎవరి పేర ఉన్నదో చూచి ఇచ్చినవే.

స్వయముగా దున్నుకొను చిన్న పట్టాదారునకు ఇది కొండంత అండ; దానిని కాదనుట లేదు. కాని కౌలుదారు మాటేమి? విత్తనము, ఎరువు అప్పుతో తెచ్చును. తుపానుకు పంట పోయినను కౌలు చెల్లించును. సాయము మాత్రము పట్టాదారు ఖాతాలో పడును.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టము ద్వారా 11 నెలల సాగుహక్కు పత్రము ఏర్పడినది. దానికి యజమాని సంతకము కావలెను. భూమి పోవునను భయముతో పలువురు సంతకము చేయరు. ఆ పత్రము పంటకే గాని భూమిపై హక్కు నీయదు.

భూయజమానులారా, సంకోచము మానుడు. గ్రామోద్యోగులారా, చేనికి వెళ్లి, సాగుచేయువాని పేరే అడంగలులో వ్రాయుడు. నిరుటి పేరే దించినచో సాయము దారి తప్పును.