అంతర్జాల ప్రసారాలు - పౌర విశ్వాసం: నడిగడ్డ అనుభవం నేర్పుతున్న పాఠాలు

ప్రత్యేక వ్యాసం

మానవపాడు (జోగులాంబ గద్వాల జిల్లా): కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ విస్తరించిన నడిగడ్డ ప్రాంతంలో మానవపాడు ఒక మండల కేంద్రం. ఒకప్పుడు ఇక్కడి పల్లెలకు ప్రభుత్వ వర్తమానం దండోరా ద్వారానో, ఆకాశవాణి ద్వారానో, మరునాటి దినపత్రిక ద్వారానో చేరేది. నేడు రాజధానిలో జరిగే విలేకరుల సమావేశాన్ని పల్లెలోని రైతు తన సెల్‌ఫోన్‌లో ప్రత్యక్షంగా చూడగలుగుతున్నాడు. చూస్తూనే తన సందేహాన్ని అక్కడే వ్రాయగలుగుతున్నాడు. ఏకముఖంగా సాగిన ప్రసారం ద్విముఖంగా మారింది. సమాచారం ఎంత త్వరగా చేరుతుందన్న సమస్య చాలావరకు తీరింది. చేరిన సమాచారాన్ని ప్రజలు ఎవరి మాట మీద నమ్ముతున్నారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. 2018 వేసవిలో ఈ ప్రశ్న దేశంలో పలుచోట్ల ప్రాణాల మీదకు తెచ్చింది. అదే కాలంలో గద్వాల, వనపర్తి జిల్లాల్లో జరిగిన కృషి ఈ దృష్ట్యా అధికారులకు, పాత్రికేయులకు పరిశీలనార్హమైనది.

తొలి ప్రయోగాలు

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు ద్విముఖ సమాచార వ్యవస్థ కొత్తది కాదు. 2000 దశకంలో ఇక్రిశాట్ సంస్థ అడ్డాకులలో ఆదర్శ మహిళా సమాఖ్యతో కలిసి, మెట్ట ప్రాంత రైతులకు కరువు, పంటలు, వాతావరణానికి సంబంధించిన సమాచారాన్ని అంతర్జాలం ద్వారా అందించే ప్రయోగం చేపట్టింది. ఇందులో గమనించవలసినది యంత్ర పరికరాలను కాదు. రైతుల ప్రశ్నలను శాస్త్రవేత్తలకు చేర్చడంలోనూ, వారి సమాధానాలను తిరిగి పల్లెకు అందించడంలోనూ సమాఖ్యకు చెందిన మహిళలే వారధులుగా నిలిచారు. శాస్త్రవేత్త ఎవరో పల్లెకు తెలియకపోయినా, ఆ మాట మోసుకొచ్చిన మనిషి తెలుసు.

ఉపగ్రహ ప్రసారాల విషయంలోనూ ఇదే అనుభవం కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' పేరిట ప్రారంభమైన విద్యా ప్రసారాలు రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణలో కొనసాగి, 2017లో 'టి-శాట్' పేరుతో నిపుణ, విద్య అనే రెండు ఛానళ్ళుగా రూపుదిద్దుకున్నాయి. కోవిడ్ కారణంగా పాఠశాలలు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా విద్యార్థులకు పాఠాలు ప్రసారమయ్యాయి. పాఠం తెర మీద వచ్చినా, అది అర్థమైందో లేదో కనుక్కొనే బాధ్యత ఊరి ఉపాధ్యాయులదే అయింది. ప్రసారానికి ఆవల, ప్రజలకు పరిచయమైన మనిషి ఒకరు ఉండడం ఈ రెండు అనుభవాల్లోనూ సమానాంశం.

2018 వేసవి: ఆరుబయట నిద్ర మానిన పల్లెలు

2016 సెప్టెంబరు తరువాత మొబైల్ డేటా ధరలు గణనీయంగా తగ్గడంతో స్మార్ట్‌ఫోన్ పల్లెల్లో ఇంటింటి వస్తువైంది. దానితోపాటే వాట్సాప్ కూడా. 2018 మార్చి, ఏప్రిల్, మే నెలల్లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ తెలుగు రాష్ట్రాల్లో సందేశాలు, దృశ్యాలు, స్వర సందేశాలు వెల్లువెత్తాయి. ఒక సంచార తెగ పేరును ముఠాకు అంటగట్టిన సందేశాలూ వాటిలో ఉన్నాయి. దేశవ్యాప్తంగా విస్తరించిన ఒక దృశ్యం నిజానికి పాకిస్థాన్‌లోని కరాచీలో బాలల భద్రతపై అవగాహన కోసం తీసిన చిత్రంలోనిది. చిత్రం చివర బిడ్డను తిరిగి అప్పగించి, హెచ్చరిక చూపే భాగాన్ని ఎవరో కత్తిరించి మిగిలినదాన్ని పంపారు.

ఆ మాటలు నమ్మినవారు చేసిన హత్యలు ఒకటి రెండు కావు. 2018 మే 26న హైదరాబాద్‌లోని చాంద్రాయణగుట్ట ప్రాంతంలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ అల్లరిమూక దాడిలో మరణించారు. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో సంచార సమాజానికి చెందిన ఐదుగురిని కొట్టి చంపారు. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి వద్ద హైదరాబాద్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు అదే తీరున ప్రాణాలు కోల్పోయారు. మృతులంతా ఆయా ఊళ్ళకు, వీధులకు అపరిచితులు కావడం గమనార్హం.

గద్వాల జిల్లాలో ప్రమాద సూచనను తొలుత పసిగట్టింది క్షేత్రస్థాయి పోలీసు సిబ్బందే. ఎండాకాలమైనా జనం ఆరుబయట పడుకోవడం మానివేశారని, పొద్దు గూకకముందే తలుపులు వేసుకుంటున్నారని గ్రామ బాధ్యతలు చూసే సిబ్బంది నుంచి ఉన్నతాధికారులకు సమాచారం అందింది. ఏ ఫిర్యాదూ నమోదు కాలేదు. ఏ నేరమూ జరగలేదు. ప్రజల దినచర్యలో వచ్చిన మార్పే మొదటి ఆధారం.

గ్రామానికొక పోలీసు

అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో గద్వాల, వనపర్తి జిల్లాల్లోని 400కు పైగా గ్రామాలకు ఈ కార్యక్రమం విస్తరించింది. ఒక్కొక్క గ్రామానికి ఒక కానిస్టేబుల్‌ను గ్రామ పోలీసు అధికారిగా కేటాయించే ఏర్పాటు దీనికి పునాది. ఆ ఉద్యోగి నియమితంగా ఊరికి వెళ్ళడం, ఇంటింటి వారితో పరిచయం పెంచుకోవడం, తన ఫోన్ నంబరు ఇవ్వడం, స్థానిక వాట్సాప్ బృందాల్లో సభ్యుడిగా చేరడం వంటి పనులు చేపట్టారు. అనుమానాస్పద సందేశం వస్తే ఇతరులకు పంపేముందు ఆయనకు చూపించాలని ప్రజలకు చెప్పారు. డప్పు చప్పుళ్ళతో, పాటలతో కళాబృందాలు ఊరూరా ప్రదర్శనలు ఇచ్చి వదంతుల వల్ల కలిగే అనర్థాన్ని వివరించాయి.

ఈ వదంతుల కారణంగా రెండు జిల్లాల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదని నాటి జాతీయ, అంతర్జాతీయ పత్రికలు ప్రముఖంగా పేర్కొన్నాయి. ఇందులో కొత్త సాంకేతిక పరిజ్ఞానమేదీ లేదు. వదంతి ఏ దారిలో వచ్చిందో ఆ దారిలోనే సమాధానం వెళ్ళింది. ఆ సమాధానానికి ఒక ముఖం, ఒక పేరు, తిరిగి ప్రశ్నించేందుకు ఒక ఫోన్ నంబరు ఉన్నాయి.

నిజమైన మాట, అపరిచిత గొంతు

ఈ అంశం ఎంత కీలకమో త్రిపురలో జరిగిన దుర్ఘటన తేటతెల్లం చేసింది. 2018 జూన్ 28న దక్షిణ త్రిపురలోని సబ్రూం ప్రాంతంలో, వదంతులను నమ్మవద్దని మైకు ద్వారా ప్రచారం చేసేందుకు ఆ రాష్ట్ర సమాచార శాఖ నియమించుకున్న వ్యక్తినే పిల్లలను ఎత్తుకుపోయేవాడిగా భావించి అల్లరిమూక కొట్టి చంపింది. ఆయన చెప్పిన మాట నిజం. ఆయనను పంపినది ప్రభుత్వం. అయినా ఆ ఊరికి ఆయన అపరిచితుడు.

సమాచార శాఖల్లో పనిచేసేవారు ఈ ఉదంతాన్ని మరువరాదు. సందేశం సత్యమైనంత మాత్రాన, దానిపై ప్రభుత్వ ముద్ర ఉన్నంత మాత్రాన విశ్వాసం దానంతటదే ఏర్పడదు. భయం వ్యాపించాక వచ్చే కొత్త గొంతు ఎవరిదైనా అనుమానానికే గురవుతుంది. పరిచయం ముందే ఉండాలి. గద్వాలలో గ్రామ పోలీసు అధికారి అంతకుముందే ఊరికి తెలిసిన మనిషి కావడం వల్లనే ఆయన మాట చెల్లింది.

పరిశోధనలు చెబుతున్నదేమిటి?

నెట్‌వర్క్ సమాచారంపై జరిగిన అధ్యయనాలు ఈ అనుభవాన్ని బలపరుస్తున్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో వ్యాపించిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి, 2018 మార్చిలో 'సైన్స్' పత్రికలో ఫలితాలను ప్రచురించారు. నిజం కంటే అబద్ధాన్ని ఇతరులకు పంపే అవకాశం 70 శాతం అధికమని, 1,500 మందికి చేరేందుకు అబద్ధం కన్నా నిజానికి ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టిందని వారు తేల్చారు. దీనికి కారణం యంత్రాలు కావని, ఆశ్చర్యం, జుగుప్స కలిగించే మాటను వెంటనే పంచుకొనే మానవ స్వభావమని ఆ అధ్యయనం సూచించింది.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన శకుంతలా బనాజీ, రామ్ భట్ బృందం భారతదేశంలో వాట్సాప్ వదంతులు, మూకదాడులపై అధ్యయనం జరిపి 2019లో నివేదిక వెలువరించింది. ప్రజల అమాయకత్వం ఒక్కటే ఇందుకు కారణం కాదని, కొన్ని వర్గాల పట్ల ముందే నాటుకొని ఉన్న అనుమానాలు, పక్షపాతాలు వదంతికి బలాన్నిస్తున్నాయని ఆ నివేదిక స్పష్టం చేసింది. అంటే, ఫోన్ వాడకం నేర్పినంత మాత్రాన సమస్య తీరదు. బంధువు పంపిన సందేశాన్ని గ్రహీత పరిశీలించడు. పంపిన మనిషి మీది నమ్మకాన్నే సందేశానికీ వర్తింపజేస్తాడు.

వాట్సాప్ సంస్థ కూడా కొన్ని సాంకేతిక మార్పులు చేసింది. ఇతరుల నుంచి వచ్చి ముందుకు సాగుతున్న సందేశాలకు 2018 జూలైలో గుర్తు పెట్టడం ప్రారంభించి, అదే నెలలో భారతదేశంలో ఒకేసారి ఐదుకు మించి పంపకుండా పరిమితి విధించింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికి లేదా ఒక్క బృందానికే పంపేలా కట్టడి చేసింది. దీనివల్ల అటువంటి సందేశాల ప్రవాహం 70 శాతం తగ్గిందని సంస్థ ప్రకటించింది. ఈ చర్యలు వేగాన్ని తగ్గిస్తాయి. సందేశాలు ఆద్యంతం సంకేత రూపంలో భద్రపరచబడి ప్రయాణిస్తాయి కనుక, వాటిలోని విషయాన్ని సంస్థ చదివి నిజానిజాలు నిర్ణయించే వీలు లేదు. ఆ పని చివరకు చదివే మనిషి మీదే పడుతోంది.

హెచ్చరికలు, ప్రత్యక్ష ప్రసారాలు

విశ్వాసం ప్రశ్న వదంతులకే పరిమితం కాదు. 2009 అక్టోబరు తొలి వారంలో తుంగభద్ర వరద కర్నూలు నగరాన్ని, ఆవలి ఒడ్డున అలంపూర్ ప్రాంత గ్రామాలను ముంచెత్తింది. అటువంటి వేళ ఎగువ నుంచి ఎంత నీరు వస్తోంది, ఎప్పుడు ఇల్లు విడిచి వెళ్ళాలి అన్న మాటను ప్రజలు తక్షణం నమ్మడం మీదే ప్రాణరక్షణ ఆధారపడి ఉంటుంది. ఒక ప్రాంతంలోని సెల్ టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ విధానాన్ని 2023లో దేశవ్యాప్తంగా పరీక్షించారు. దీనికి అంతర్జాలం అవసరం లేదు, ఫోన్ నంబర్ల జాబితా కూడా అక్కరలేదు. అయితే ఇది ఏకముఖ ప్రసారమే. ఫోన్ పెద్దగా మోగిన మరుక్షణం పల్లెవాసి అడిగే మొదటి ప్రశ్న 'ఇది నిజమేనా' అన్నదే. సమాధానం చెప్పగల రెవెన్యూ, పంచాయతీ ఉద్యోగి అందుబాటులో ఉన్నచోట హెచ్చరిక ఆచరణకు వస్తుంది.

అధికారిక ప్రత్యక్ష ప్రసారాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ప్రశ్నలు స్వీకరించి సమాధానం ఇవ్వని ప్రసారం, ప్రశ్నలే స్వీకరించని ప్రసారం కన్నా ఎక్కువ అపనమ్మకాన్ని కలిగిస్తుంది. వేదిక తెరిచినప్పుడు సమాధానం చెప్పే బాధ్యత కూడా దానితోపాటే వస్తుంది.

నిజనిర్ధారణకు గల హద్దులు

ప్రభుత్వానికి సంబంధించిన అసత్య ప్రచారాన్ని ఖండించేందుకు కేంద్ర పత్రికా సమాచార కార్యాలయం 2019లో నిజనిర్ధారణ విభాగాన్ని నెలకొల్పింది. 2023లో సమాచార సాంకేతిక నియమాలను సవరించి, కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలపై ఏది అసత్యమో గుర్తించే అధికారాన్ని ప్రభుత్వ విభాగానికి ఇవ్వదలచారు. ఈ సవరణ రాజ్యాంగ విరుద్ధమని 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. తీర్పు ఖండన ఇచ్చే హక్కును కాదనలేదు. ప్రభుత్వం తన వాదన వినిపించవచ్చు, ఆధారాలు చూపవచ్చు. తన వ్యవహారాలలో తానే న్యాయనిర్ణేతగా ఉండడం మీదనే అభ్యంతరం. విశ్వాసాన్ని ఆదేశంతో సాధించలేమన్న గద్వాల అనుభవమూ ఇదే దిశగా సాగుతోంది.

చేయదగినవి

పై అనుభవాల వెలుగులో కొన్ని అంశాలు ఆచరణయోగ్యంగా కనిపిస్తున్నాయి. అధికారిక ఖండనలో బాధ్యుడైన అధికారి పేరు, హోదా, ఫోన్ నంబరు, విడుదల చేసిన తేదీ, సమయం తప్పక ఉండాలి. తేదీ లేని ఖండన కొంతకాలానికి తానే వదంతిగా మారుతుంది. వివరాలు పూర్తిగా అందని పక్షంలో ఆ సంగతినే చెప్పి, తదుపరి సమాచారం ఎప్పుడు ఇస్తారో తెలపాలి. ముందు విడుదల చేసిన సమాచారంలో పొరపాటు ఉంటే దాన్ని తొలగించకుండా, అదే చోట సవరణను తేదీతో చేర్చాలి. క్షేత్రస్థాయి సిబ్బందిని తరచుగా మార్చితే వారు కూడగట్టుకున్న పరిచయం వృథా అవుతుందన్న సంగతిని బదిలీల వేళ పరిగణనలోకి తీసుకోవాలి.

పాత్రికేయుల బాధ్యత కూడా తక్కువది కాదు. వదంతిని ఖండించే వార్తలో ఆ వదంతి దృశ్యాన్నే పెద్దగా చూపితే, శీర్షిక మాత్రమే చదివేవారికి వదంతే చేరుతుంది. నిజమేమిటో ముందు చెప్పి, వదంతిని తరువాత క్లుప్తంగా ప్రస్తావించడం మేలు. అనుమానితులుగా పట్టుబడినవారి కులం, తెగ, ప్రాంతం పేర్లను శీర్షికల్లో వాడకపోవడం మరింత అవసరం.

నడిగడ్డ పల్లెలకు గొర్రెల మందలతో కాపరులు, పనుల కోసం కూలీలు, ఇంటింటికీ తిరిగే చిరువ్యాపారులు వచ్చిపోతూ ఉంటారు. అలాగే పాలమూరు నుంచి ముంబై, పుణె, హైదరాబాద్ వంటి నగరాలకు దశాబ్దాలుగా వలస వెళుతున్న కుటుంబాలు అక్కడి వీధులకు అపరిచితులే. ఒక ఊరిలో అపరిచితుడికి లభించే భద్రత మరో ఊరిలో మనవారికి లభించే భద్రతకు హామీ. ఆ హామీని నిలబెట్టేది నమ్మదగిన సమాచారం, ఆ సమాచారానికి జవాబుదారీగా నిలిచే మనిషి.