మాటకు అర్థము: మైక్రోబయాలజీ

పెద్దాసుపత్రిలో ఈ బోర్డు చూచియుందురు. ఇందులోని మాటలు క్రొత్త నిబంధన గ్రీకులో ఉన్నవే. మిక్రోస్ అనగా చిన్న. చిన్న యాకోబునకు మార్కు వాడిన మాట. బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన జీవనమును లూకా బయోస్ అనెను. చివరిది లోగోస్ నుండి పుట్టినది, యోహాను మొదటి వచనము ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. వెరసి, కంటికి కనబడని జీవులను గూర్చిన శాస్త్రము. 1676లో హాలెండు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తాను చేసికొన్న అద్దముతో నీటిలో బాక్టీరియాను చూచెను.

ఆ గదిలో రోగి రక్తమునో మూత్రమునో ఉంచి, అందులోని క్రిములను పెరగనిచ్చి, ఏ మందుకు చచ్చునో చూతురు. క్రిమి పెరుగుటకు రెండు మూడు దినములు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ పట్టును. మనవారు అంతవరకు ఆగక, జ్వరముతోనే బిడ్డను ఇంటికి తీసికొనిపోవుచున్నారు. ఆలాగు బయలుదేరిన ఒక తల్లిని మేము ఆపి, ప్రార్థన చేసి, రిపోర్టు వచ్చువరకు వరండాలో ఆమెతోనే కూర్చుంటిమి.