పాత ఇంజనుకు సీసామందు



లక్ష కిలోమీటర్లు దాటిన బండి ఉన్న ఇంట్లో ఒక దిగులు కూడా ఉంటుంది. ఉదయం స్టార్ట్ చేయగానే నీలిపొగ వస్తుంది. మునుపు లేని చప్పుడు వినిపిస్తుంది. పోసిన ఆయిల్ నెల తిరగకముందే తగ్గిపోతుంది. అటువంటప్పుడు విడిభాగాల దుకాణంలో కనిపించే చిన్న సీసా ఆశ పుట్టిస్తుంది. దానిని ఆయిల్‌లో కలిపితే అరిగిన ఇంజనుకు మళ్లీ బలం వస్తుందని అమ్మేవారు చెబుతారు. ఆటో సంపాదన మీదనే పిల్లల చదువు, ఇంటి అద్దె ఆధారపడిన కుటుంబానికి ఆ సీసా ఖరీదు చిన్నది కాదు. కనుక ఆ సొమ్ము ఎప్పుడు అక్కరకు వస్తుంది, ఎప్పుడు వృథా అవుతుంది అనే విషయాన్ని ఈ నెల పరిశీలిద్దాం.

మొదట గ్రహించవలసినది ఏమంటే, మనం కొనే ఇంజన్ ఆయిల్ వట్టి నూనె కాదు. మసిని కడిగేవి, కడిగిన మసిని ఆయిల్‌లో తేలియాడించి అడుగున పేరుకోనీయనివి, లోహాల ఒరిపిడిని తగ్గించేవి, నురుగు రానీయనివి, ఇలా అనేక రసాయనాలు తయారీలోనే అందులో కలిసి ఉంటాయి. ఒరిపిడిని అరికట్టడానికి దశాబ్దాలుగా జింకు, భాస్వరం గల సమ్మేళనాన్ని వాడుతున్నారు. ఈ పాళ్లన్నీ కలిపి పరీక్షించిన మీదటనే ఆయిల్ ప్రమాణానికి సరితూగుతుంది. మనం పైనుంచి మరొక సీసా పోస్తే ఆ పొందిక మారిపోతుంది. భాస్వరం మోతాదు మించితే పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరుకు హాని కలుగుతుంది. అనేక వాహనాల యజమాని పుస్తకాలు విడిగా ఏ మందూ కలపవద్దని చెప్పడానికి కారణమిదే.

ఇక రోగం సంగతి. 'ఇంజన్ అరిగింది' అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు రోగాలు దాగి ఉంటాయి. ఒకటి, రబ్బరు సీళ్లు వేడికి గట్టిపడి కుంచించుకుపోవడం. రెండు, పిస్టన్ రింగుల గాడులలో మసి పేరుకుని రింగులు బిగుసుకుపోవడం. మూడు, సిలిండర్ గోడ, రింగులు, బేరింగులు నిజంగానే అరిగి లోహం తరిగిపోవడం.

మొదటి రెండింటికి సీసామందు కొంత ఉపకరించవచ్చు. గట్టిపడిన రబ్బరును మెత్తబరచి కొద్దిగా ఉబ్బించే రసాయనాలు ఉన్నాయి. సన్నని కారుడు వాటితో తగ్గవచ్చు. చిరిగిన సీలు మాత్రం అతుక్కోదు. మసిని వదిలించే మందుతో బిగుసుకున్న రింగులు కొన్నిసార్లు విడివడతాయి. అయితే సకాలంలో ఆయిల్ మార్చని ఇంజనులో పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడివస్తే, అది ఆయిల్ పంపు నోటి దగ్గరి జల్లెడకు అడ్డుపడుతుంది. అప్పుడు ఆయిల్ అందక ఇంజన్ పూర్తిగా పట్టేసే ప్రమాదం ఉంది.

మూడవ రోగానికి ఏ సీసాలోనూ మందు లేదు. పిస్టనుకు, సిలిండర్ గోడకు మధ్య ఉండవలసిన ఎడాన్ని మిల్లీమీటరులో వందో వంతులలో లెక్కిస్తారు. ఆ ఎడం పెరిగిన తరువాత బోరు చేయించవలసిందే. అంటే సిలిండరును కొద్దిగా తొలిచి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజు పిస్టన్, కొత్త రింగులు వేయించాలి. కొన్ని ఇంజన్లలో సిలిండరునే మార్చవలసి ఉంటుంది.

మరి సీసా పోయగానే చప్పుడు తగ్గిందని చెప్పేవారి మాట అబద్ధమా? కాదు. అటువంటి మందులలో అనేకం ఆయిల్‌ను చిక్కబరుస్తాయి. చిక్కని ఆయిల్ పెరిగిన సందులలోంచి త్వరగా జారదు. కనుక పొగ, చప్పుడు కొంతకాలం అణగుతాయి. లోపలి అరుగుదల మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. చల్లని ఉదయాన చిక్కని ఆయిల్ పైభాగాలకు ఆలస్యంగా చేరడం అదనపు నష్టం.

ప్రకటనల విషయంలో అమెరికాలో జరిగిన ఒక సంగతి గమనించదగినది. స్లిక్ 50 అనే ఆయిల్ మందు ఇంజన్ అరుగుదలను తగ్గిస్తుందని అక్కడ విస్తారంగా ప్రచారం జరిగింది. ఆ మాటలకు తగిన ఆధారం లేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో అభియోగం మోపింది. 1997లో కంపెనీ రాజీకి వచ్చింది.

ద్విచక్ర వాహనదారులు మరొక జాగ్రత్త పాటించాలి. మన బైకులలో ఎక్కువ భాగం క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్ల కోసం తయారైన, ఒరిపిడిని తగ్గించే మందును వాటిలో పోస్తే క్లచ్ జారవచ్చు. అటువంటి బైకుకు కొనే ఆయిల్ డబ్బాపై 'జాసో ఎంఏ' గుర్తు ఉన్నదో లేదో చూడండి.

సీసా కొనే ముందు రోగం ఏదో తేల్చుకోండి. రాత్రంతా నిలిచిన బండి స్టార్ట్ చేయగానే కొద్దిసేపు నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లను అనుమానించాలి. బరువు లాగుతున్నప్పుడు, యాక్సిలరేటర్ పెంచినప్పుడు విడవకుండా వస్తే రింగులను అనుమానించాలి. పెట్రోలు ఇంజనుకు కంప్రెషన్ పరీక్ష చేయించండి. కంప్రెషన్ తక్కువ ఉన్న సిలిండరులో ప్లగ్ రంధ్రం ద్వారా ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. కంప్రెషన్ పెరిగితే లోపం రింగులలోనో బోరులోనో ఉన్నట్లు. పెరగకపోతే వాల్వులను చూడాలి. మందు పోసినా పోయకపోయినా, గీత వరకు ఆయిల్ నింపి, ఐదు వందల కిలోమీటర్ల తరువాత ఎంత తగ్గిందో కొలిచి రాసుకోండి. కారు ఇంజనులో సన్నని కారుడు మాత్రమే ఉంటే, పాత ఇంజన్ల కోసమే తయారుచేసిన ఆయిల్‌ను యజమాని పుస్తకం చెప్పిన గ్రేడులో వాడటం విడి సీసా కంటే మేలు. లోహమే అరిగిందని తేలితే ప్రతి సీసాకు పెట్టే డబ్బును బోరు ఖర్చు కోసం పక్కన పెట్టండి.

చివరిగా ఒక మాట. మేము మదరసాలో క్రయవిక్రయాల అధ్యాయం బోధించేటప్పుడు 'ఐబ్', అంటే సరుకులోని లోపం గురించి విద్యార్థులకు వివరంగా చెబుతాము. లోపం తెలిసిన అమ్మకందారు దానిని కొనేవానికి చెప్పాలి. కొనేనాటికి ఎరుగని లోపం పిమ్మట బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొనేవానికి ఉంది. బేరానికి ముందు రోజు చిక్కబరచే మందు పోసి, పొగ అణచి, బండి బాగుందని అమ్మడం ఈ కోవలోనిదే. ఆ బండిని అప్పు చేసి కొనేవాడు మరొక ఆటో డ్రైవరు కావచ్చు. పొగ వస్తోందని, బోరు చేయించవలసి ఉంటుందని చెప్పి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మండి. మీరు కొనేవారైతే, ఆయిల్ మార్చించి, నాలుగు రోజులు నడిపి చూసిన తరువాతే బేరం ఖాయం చేసుకుంటానని అడగండి.