హోప్ టౌన్‌కు 110 నిమిషాల లెక్క

పోర్ట్ బ్లెయిర్ రేవుకు అవతలి ఒడ్డున ఉంటుంది హోప్ టౌన్. 1872లో వైస్రాయ్ లార్డ్ మేయో హత్యకు గురైన చోటుగానే చరిత్ర పుస్తకాలు దాన్ని గుర్తుపెట్టుకున్నాయి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో రెండు గంటలకు పైనే పడుతుంది. క్యాన్సర్ జాడ పట్టే పెట్ స్కాన్‌లో ఎక్కువగా వాడే ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. అంటే చెన్నైలో విమానం ఎక్కించిన మందు అక్కడ దిగేసరికి సగం కూడా మిగలదు. ద్వీపాల్లోని రోగులకు, వారిలో ఎందరో తెలుగువారికి, ఈ పరీక్ష భారం కావడానికి డబ్బొక్కటే కారణం కాదు.

అయితే ఆ స్కాన్‌కు మూలమైన కొలత అక్కడి విద్యార్థులకు అందనిదేమీ కాదు. సోడియం-22 అర్ధాయువు 2.6 ఏళ్లు, ఓడలో పంపినా తరిగేది లెక్కలోకి రాదు. దాని నుంచి వెలువడే పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌ను కలిసి రెండూ అంతరిస్తే, 511 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఫోటాన్లు రెండు, ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో బయల్దేరతాయి. చెరోవైపు ఒక సోడియం అయొడైడ్ డిటెక్టర్, రెండూ ఒకేసారి స్పందిస్తేనే లెక్కించే సర్క్యూట్ ఉంటే చాలు. ఎదురెదురుగా ఉన్న డిటెక్టర్లలో ఒకదాన్ని కాస్త పక్కకు తిప్పగానే లెక్క పడిపోతుంది. సున్నా మాత్రం కాదు. సోడియం-22 నుంచే వచ్చే 1275 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఫోటాన్ ఏ దిక్కుకైనా పోవచ్చు. కాకతాళీయంగా కలిసే జంటలూ ఉంటాయి. నిజమైన జంటను ఈ కల్తీ నుంచి వేరుచేయడమే అసలు పాఠం. పెట్ యంత్రమూ వేలాది డిటెక్టర్ల వలయంతో ఇదే పని చేస్తుంది. ఈ జంట ఫోటాన్ల ధ్రువణాల మధ్య సంబంధాన్నే 1950లో వూ, షాక్నోవ్ కొలిచారు.

జీఎం కౌంటర్‌తో అణుభౌతిక ప్రయోగాలు అయిపోయాయనుకునే అలవాటు మారాలి. పోర్ట్ బ్లెయిర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం మొదలు కోస్తాంధ్ర కళాశాలల దాకా ఈ ప్రయోగం పాఠ్యప్రణాళికలో ఉండాలి. స్వామి జ్ఞానానంద అణుభౌతిక పరిశోధనకు పునాది వేసిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న విశాఖ నుంచే ద్వీపాలకు ఓడలు వెళ్తాయి. అధ్యాపకుల శిక్షణకు అంతకంటే దగ్గరి దారి వెతకనక్కర్లేదు.

ప్రయోగం పెడితే స్కానర్ వస్తుందా? రాదు. కానీ సైక్లోట్రాన్ లేకుండానే పాజిట్రాన్లనిచ్చే జెర్మేనియం-గాలియం జనరేటర్లున్నాయి. జెర్మేనియం-68 అర్ధాయువు దాదాపు 271 రోజులు. దాని నుంచి గాలియం-68ను ఆసుపత్రిలోనే రోజూ తీసుకోవచ్చు. ఇది ఫ్లోరిన్ మందు చేసే పనులన్నీ చేయదు. ప్రోస్టేట్, న్యూరోఎండోక్రైన్ కణుతుల విషయంలో మాత్రం బాగా పనికొస్తుంది. అలాంటి జనరేటర్ రేపు ద్వీపాలకు చేరితే, దాన్ని నడిపేందుకు జంట ఫోటాన్లను ఒక్కసారైనా తన చేత్తో లెక్కించిన స్థానిక యువకుడో యువతో అక్కడ ఉండాలి.