సచిన్ గొప్పా? బ్రాడ్‌మన్ గొప్పా? మరి ఎడ్డీ గిల్బర్ట్ ఏడీ?



పోయిన నెల మన గోడపత్రికలో పదో తరగతి అన్న ఒకాయన 'ప్రపంచంలోకెల్లా గొప్ప క్రికెటర్లు పదిమంది' అని రాసి పెట్టాడు. చేతిరాత చాలా బాగుంది, పక్కన గీసిన బ్యాటు బొమ్మ కూడా బాగుంది. ఒకటి సచిన్ టెండూల్కర్, రెండు బ్రాడ్‌మన్, మూడు విరాట్ కోహ్లి, నాలుగు గవాస్కర్, అట్లా పది వరకు ఉంది. ఆ రోజు అన్నం లైనులో పెద్ద గొడవ. కోహ్లి ఒకటో నెంబరు కావాలని కొందరు, కాదు సచినే అని కొందరు. ఆ తోపులాటలో నా పళ్లెంలో సాంబారు కింద పోయింది. ఆ కోపంతో రాస్తున్నాననుకోవద్దు. ఆ పది పేర్లు రెండుసార్లు చదివాక నాకొక అనుమానం వచ్చింది, అది చెప్పాలని రాస్తున్నాను. తప్పులుంటే కింద పెన్సిలుతో రాయండి. కాగితం మాత్రం చింపొద్దు.

అప్పటివాళ్లని ఇప్పటివాళ్లని పక్కపక్కన నిలబెట్టి కొలవొచ్చా? కొలవకూడదని కొందరు అంటారు. కొలవొచ్చని నేను అంటాను. కానీ ఒక్కొక్కరి పరుగులు పక్కపక్కన రాసి ఎవరివి ఎక్కువో చూస్తే అది కొలత కాదు. మా ఊళ్లో కొండమీద పోడులో జొన్న వేస్తాం. కింద చెరువు నీళ్లు పారే చోట వరి వేస్తారు. పంట ఇంటికొచ్చాక ఎవరికి ఎన్ని బస్తాలు అని లెక్కపెడితే ఎప్పుడూ వరి వేసినాయనే గెలుస్తాడు. పోడు చేసినాయన ఎంత కష్టపడ్డాడో తెలియాలంటే పక్క పోడు ఆయన జొన్నలతో పోల్చాలి, ఆ ఏడు వాన ఎంత పడిందో చూడాలి. క్రికెట్‌కి కూడా అంతే.

అట్లా చూస్తే బ్రాడ్‌మన్ ముందు ఎవరూ నిలబడరు. ఆయన 1928 నుంచి 1948 వరకు ఆస్ట్రేలియాకు 52 టెస్టులు ఆడి 6996 పరుగులు చేశాడు. 80 ఇన్నింగ్స్‌లో 10 సార్లు నాటౌట్, అంటే 70 సార్లు ఔటయ్యాడు. లెక్కల నోటుబుక్కులో భాగించి చూసుకున్నాను, 99.94 వచ్చింది. చివరి ఇన్నింగ్స్ లండన్‌లోని ఓవల్ మైదానంలో. ఇంకో 4 పరుగులు చేసి ఉంటే సగటు సరిగ్గా 100. కానీ ఎరిక్ హోలీస్ అనే బౌలర్ ఆయన్ని సున్నాకే బౌల్డ్ చేశాడు. అది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు, ఆయన మన దేశం కూడా కాదు.

ఆయన కాలంలోనే గొప్ప బ్యాట్స్‌మన్ అనిపించుకున్న వెస్టిండీస్ జార్జ్ హెడ్లీ సగటు 60.83. (హెడ్లీని 'నల్ల బ్రాడ్‌మన్' అనేవారట. వెస్టిండీస్ వాళ్లేమో బ్రాడ్‌మన్‌నే 'తెల్ల హెడ్లీ' అనేవారట. నాకు ఇదే నచ్చింది.) మిగతావాళ్లంతా ఒక ఎత్తు, బ్రాడ్‌మన్ ఒక్కడే ఇంకో ఎత్తు. 1932-33లో ఇంగ్లండు వాళ్లు ఆయన్ని ఆపలేక లార్‌వుడ్ చేత ఒంటిమీదికి బంతులు వేయించారు. దాన్ని బాడీలైన్ అంటారు. ఆ సిరీస్‌లో ఆయన సగటు 56.57కి పడిపోయింది. సచిన్ జీవితం మొత్తం సగటు 53.78. అంటే బ్రాడ్‌మన్‌ని కొట్టి కొట్టి కిందికి దింపిన సిరీస్ కూడా మన సచిన్ సగటు కన్నా పైనే ఉంది. పైగా యుద్ధం వల్ల 30 ఏళ్ల వయసు నుంచి 38 వరకు ఆయన ఒక్క టెస్టు కూడా ఆడలేదు. అప్పట్లో హెల్మెట్ లేదు. టెస్టులో మొదటిసారి హెల్మెట్ పెట్టుకున్నది 1978లో, ఆస్ట్రేలియా ఆటగాడు గ్రాహం యాలప్. మన గవాస్కర్ 1971లో వెస్టిండీస్ వెళ్లి తన మొదటి సిరీస్‌లోనే 774 పరుగులు చేసింది కూడా హెల్మెట్ లేకుండానే.

సచిన్ అభిమానులు ఇప్పటికే కోపంగా ఉండి ఉంటారు. వాళ్ల మాటలో కూడా న్యాయం ఉంది. బ్రాడ్‌మన్ ఆడిన 52 టెస్టుల్లో 33 ఆస్ట్రేలియాలో, 19 ఇంగ్లండులో. ఇంకో దేశంలో ఒక్కటీ లేదు. స్పిన్ తిరిగే మన పిచ్‌ల మీద ఆయన ఎట్లా ఆడేవాడో ఎవరూ చెప్పలేరు. సచిన్ 1989లో 16 ఏళ్లకే కరాచీలో మొదలుపెట్టి 2013 వరకు అన్ని దేశాలూ తిరిగి 200 టెస్టులు, 463 వన్డేలు ఆడాడు. టెస్టుల్లో 51, వన్డేల్లో 49, మొత్తం 100 సెంచరీలు. బ్రాడ్‌మన్ కాలంలో అసలు వన్డేలే లేవు, మొదటి వన్డే 1971లో. కోహ్లి 2023 ప్రపంచకప్ సెమీఫైనల్లో 50వ వన్డే సెంచరీ కొట్టి సచిన్‌ని దాటాడు. కానీ 2025లో టెస్టులు మానేసేసరికి ఆయన టెస్టు సగటు 46.85. కాబట్టి వన్డేలకు కోహ్లి, అన్నీ కలిపితే సచిన్, తన కాలం వాళ్లతో పోలిస్తే బ్రాడ్‌మన్. ఇది నా తీర్పు. సాంబారు గొడవ ఇక్కడితో ఆపేయొచ్చు.

నాకొచ్చిన అనుమానం వేరే. 99.94 అనేది ఎవరి బౌలింగులో వచ్చింది? గ్రౌండులోకి రానిచ్చిన వాళ్ల బౌలింగులో. రానివ్వని వాళ్ల సంగతేమిటి?

ఎడ్డీ గిల్బర్ట్ పేరు మనలో ఎవరికీ తెలియదు. నాకు కూడా మా ఇంగ్లీషు మేడం చెబితేనే తెలిసింది. ఆయన ఆస్ట్రేలియా ఆదివాసి. క్వీన్స్‌లాండ్ జట్టుకు ఫాస్ట్ బౌలర్. నాలుగడుగులు పరిగెత్తి బంతి వేసేవాడు, అయినా అది కంటికి కనబడేది కాదట. 1931 నవంబరులో బ్రిస్బేన్‌లో న్యూ సౌత్ వేల్స్‌తో మ్యాచి. ఎదురుగా బ్రాడ్‌మన్. గిల్బర్ట్ వేసిన ఒక బంతికి బ్రాడ్‌మన్ చేతిలోంచి బ్యాటు ఎగిరి పడింది. ఆ తర్వాత సున్నాకే ఔట్. తను ఎదుర్కొన్న వాటిలో అంత వేగమైన బంతులు ఇంకెక్కడా లేవని బ్రాడ్‌మనే తర్వాత ఒప్పుకున్నాడు.

అయినా గిల్బర్ట్ ఒక్క టెస్టు కూడా ఆడలేదు. ఆయన బంతి విసురుతున్నాడని ఆ తర్వాతి నెలలోనే ఒక అంపైర్ నోబాల్ మీద నోబాల్ ఇచ్చాడు. విసిరాడో లేదో నేను చూడలేదు, చెప్పలేను. కానీ నాకు తెలిసిన ఇంకో సంగతి ఉంది. అక్కడి ఆదివాసులను సర్కారు ఒక సెటిల్‌మెంటులో పెట్టేది. మ్యాచికి వెళ్లాలంటే గిల్బర్ట్ ఆఫీసరు దగ్గర కాగితం మీద పర్మిషన్ తెచ్చుకోవాలి. బ్రాడ్‌మన్ కిట్టు సర్దుకొని రైలెక్కితే చాలు. 1936లో క్రికెట్ సంఘం వాళ్లు గిల్బర్ట్‌ని సెటిల్‌మెంటుకు పంపించేస్తూ ఒక ఉత్తరం రాశారు. ఆయనకు కొనిచ్చిన క్రికెట్ బట్టలు ఉతికించి తిరిగి తమ ఆఫీసుకు పంపాలని అందులో ఉంది. ఉతికిన ఖర్చు తామే ఇస్తామని కూడా రాశారు. మేడం ఇది చదువుతుంటే మా క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే జానీ ముల్లాగ్. మొదటి టెస్టు జరిగింది 1877లో. దానికి తొమ్మిదేళ్ల ముందే, 1868లో, ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు మొట్టమొదట ఆడటానికి వెళ్లిన జట్టు ఆదివాసుల జట్టు. కెప్టెన్ ఒక్కడే తెల్లవాడు. వాళ్లు 47 మ్యాచులు ఆడి 14 గెలిచారు, 14 ఓడారు, మిగతావి డ్రా. ముల్లాగ్ ఒక్కడే 1698 పరుగులు చేసి 245 వికెట్లు తీశాడు. ఆయన అసలు పేరు ఉనారిమిన్. ముల్లాగ్ అనేది ఆయన పుట్టిన గొర్రెల ఎస్టేటు పేరు. (బడిలో చేర్చినప్పుడు నా పేరు కూడా మార్చి రాశారు. ఇంటి దగ్గర పిలిచే పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు.) మ్యాచి అయ్యాక వాళ్లచేత బూమెరాంగులు, ఈటెలు విసిరించి జనానికి చూపించేవారట. మన బడికి పెద్దవాళ్లెవరైనా వస్తే మనకు కొమ్ములు పెట్టి డోలు ఆట ఆడిస్తారు చూడండి, అట్లా. ఆట మనదే, ఆడటం నాకిష్టమే. కానీ ఆట అయ్యాక మైకు మాత్రం మనకివ్వరు. ఆ జట్టు తిరిగి వెళ్లిన మరుసటి ఏడే, 1869లో, వాళ్ల రాష్ట్రంలో ఆదివాసులు ఎక్కడ ఉండాలో సర్కారు చెప్పేటట్టు చట్టం వచ్చింది. ఇక టూర్లు ఎక్కడివి? 2020 నుంచి మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టులో బాగా ఆడినవాళ్లకు ముల్లాగ్ పతకం ఇస్తున్నారు. మొదటిది అందుకున్నది మన అజింక్య రహానే.

అది వేరే దేశం కదా అంటారు. మన దేశంలో పల్వంకర్ బాలూ ఉన్నాడు. దళితుడు. పుణెలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ బాగుచేసే పనివాడు, వాళ్లకు నెట్స్‌లో బంతులు వేసి వేసి గొప్ప స్పిన్నర్ అయ్యాడు. జట్టులోకి తీసుకున్నారు గానీ టీ మాత్రం మట్టి ముంతలో, బయట ఇచ్చేవారు. 1911లో ఇంగ్లండు టూర్‌లో వందకు పైగా వికెట్లు తీశాడు. మన దేశం మొదటి టెస్టు ఆడింది 1932లో. అప్పటికి బాలూ ముసలాయన అయిపోయాడు. ఆ మొదటి టెస్టుకు కెప్టెన్ మన తెలుగువాళ్ల ఇంటి బిడ్డ, నాగపూరులో పుట్టిన సి.కె. నాయుడు. ఆయనకూ అప్పటికే 36 ఏళ్లు. ఆడింది 7 టెస్టులు, సగటు 25. ఆ 25 చూసి నాయుడు గొప్పవాడు కాదనేస్తామా? 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టాడు.

ఇప్పుడు మళ్లీ ఆ అన్న రాసిన లిస్టుకు వస్తాను. పదిమందిలో ఒక్క ఆడమనిషి లేదు. అడిగితే "వాళ్ల రన్స్ తక్కువ కదా చెల్లీ" అన్నాడు. తక్కువే. మిథాలీ రాజ్ సికింద్రాబాద్‌లో పెరిగింది. 1999లో మొదటి వన్డేలోనే 114 నాటౌట్, అప్పుడు ఆమెకు 16 ఏళ్లు. 2002లో ఇంగ్లండు మీద టాంటన్‌లో 214 కొట్టింది, అప్పటికి ఆడవాళ్ల టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. వన్డేల్లో 7805 పరుగులు, సగటు 50.68. మరి టెస్టులు ఎన్ని? 23 ఏళ్లు దేశానికి ఆడితే 12. సచిన్ 24 ఏళ్లలో 200. 2006 నుంచి 2014 వరకు ఎనిమిదేళ్లు మన ఆడవాళ్ల జట్టుకు ఒక్క టెస్టు కూడా పెట్టలేదు. ఆమె ఆడలేక కాదు, పెట్టలేదు. బ్రాడ్‌మన్ ఎనిమిదేళ్లు యుద్ధం వల్ల పోయాయని అందరం అయ్యో అంటాం. మిథాలీవి ఏ యుద్ధం వల్ల పోయాయి?

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఆడవాళ్ల ప్రపంచకప్ 1973లో మొదలైంది, మగవాళ్లది 1975లో. ముందు మనమే. 2025 నవంబరు 2న మన వాళ్లు దక్షిణాఫ్రికాను ఓడించి ఆ కప్పు గెలిచారు. అందులో కడప జిల్లా పల్లెటూరి అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది, 14 వికెట్లు తీసింది.

మన బడిలో ఆటల రిజిస్టరు ఒకటుంది. పోయిన వారం సారు నన్ను దానిలో గీతలు కొట్టమన్నారు. క్రికెట్ పేజీల్లో అన్నీ అబ్బాయిల పేర్లే. మా పేర్లు ఖోఖోలో, టెన్నికాయిట్‌లో ఉన్నాయి. నేను ఆరో తరగతిలో చేరినప్పటి నుంచి ఆదివారం గ్రౌండు, బ్యాటు ఎప్పుడూ మాకు రాలేదు. అడిగితే "మీకు రాదు కదా" అంటారు. చేతికివ్వకుండా ఎట్లా వస్తుంది?

కాబట్టి ఆటల సారుకు, హెడ్మాస్టరు గారికి ఈ కాగితం ద్వారా నా విన్నపం. ఆదివారం నాలుగు నుంచి ఆరు వరకు గ్రౌండు మాకు ఇప్పించండి. ఒక బ్యాటు, మూడు వికెట్లు, రెండు బంతులు చాలు. హెల్మెట్ అక్కర్లేదు, మేం ఆడేది రబ్బరు బంతితోనే. మొదటి రెండు వారాలు తొందరగా ఔటైపోతాం, అన్నలు కావలిస్తే నవ్వుకోవచ్చు. మా స్కోరు కూడా రిజిస్టరులో రాయాలి, సున్నా వచ్చినా రాయాలి.

ఇప్పటికి ఏడుగురం పేర్లిచ్చాం. ఇంకా నలుగురు కావాలి. ఆడతామనే అక్కలు, చెల్లెళ్లు రాత్రి స్టడీ అవర్ అయ్యాక తొమ్మిదో తరగతి గది దగ్గరికి రండి. కీపింగ్ చేసేవాళ్లుంటే ముందే చెప్పండి, ఏడుగురిలో ఎవరూ ఒప్పుకోవడం లేదు.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని