అంగీకార పత్రములో లేని పంక్తి

భారతీయ హృదయ, వక్ష శస్త్రవైద్యుల సంఘము వారికి బహిరంగ లేఖ

మాన్యులారా,

నేను వైద్యుడను గాను. ఒక దస్తావేజు లేఖరి కుమారుడను. మా తండ్రిగారు తెనాలి ప్రాంతమున నలువది సంవత్సరములు క్రయ, దాన, భాగపరిష్కార పత్రములు వ్రాసి జీవించిరి. ఆయన చేతివ్రాతను చూచినంతనే సబ్ రిజిస్ట్రారు కచేరీలోని గుమాస్తాలు అది ఎవరు వ్రాసిన దస్తావేజో చెప్పగలిగెడివారు. పత్రములో లేని షరతు లోకములోనే లేదనునది ఆయన వృత్తిధర్మము. డెబ్బదిరెండవ యేట బృహద్ధమని కవాటము బిగిసిపోయి, గుండెకు రక్తమునిచ్చు నాళములు రెండు పూడుకొనిపోయి, శస్త్రచికిత్సకై ఒక నగరములోని ఆసుపత్రిలో చేరినప్పుడు సయితము, ఆయన అంగీకార పత్రమును కళ్లజోడు సవరించుకొని మొదటినుండి తుదివరకు చదివి, తెలియని ప్రతిమాటకు అర్థమడిగి, అటుపిమ్మటనే సంతకము చేసిరి. ఆ పత్రములో కవాటపు మార్పిడి యున్నది, బైపాస్ ఉన్నది, రక్తమెక్కించుట యున్నది, ప్రాణాపాయమును ఉన్నది. అప్పటికి మూడు సంవత్సరములనుండి ఆయనను పట్టియున్న నాడీవైషమ్యమునుగూర్చి మాత్రము ఒక్క పంక్తియు లేదు.

మీరు ఏ.ఎఫ్. అని క్లుప్తముగా పిలుచు ఆ వైషమ్యమును నేను నా వ్రేళ్లతో ఎరుగుదును. ఆయన మణికట్టుపై చేయి వేసినచో నాడి రెండుమార్లు కొట్టి ఆగెడిది. ఆగెనుగదా యని కంగారుపడునంతలో మూడునాలుగు దెబ్బలు ఒకదానిపై నొకటి పడెడివి. హృదయపు పై గదులైన కర్ణికలు లయబద్ధముగ ముడుచుకొనుటకు మారుగా నిమిషమునకు మూడువందలకు పైబడి ఊరక వణకుటయు, ఆ వణకులో ఎడమ కర్ణికకు చెవిదొప్పవలె అంటియున్న చిన్న సంచిలో రక్తము కదలక నిలిచి గడ్డకట్టుటయు, ఆ గడ్డ విడివడి మెదడునకు పోయి పక్షవాతమును తెచ్చుటయు నేను తరువాత తెలిసికొన్న సంగతులు. నాడు మా తండ్రిగారే ఆ పత్రమును చేతబట్టుకొని, "దీన్ని గురించి ఇందులో ఏమీ రాయలేదే?" యని అడిగిరి. "పెద్దవారు కదండీ, ఇప్పుడు దాని జోలికి పోవడమెందుకు? మాత్రలతో నెట్టుకొద్దాం" అని ప్రత్యుత్తరము వచ్చినది. ఆ మాట దయతోనే చెప్పబడినది. ఆ దయనుగూర్చియే నేనీ లేఖ వ్రాయుచున్నాను.

శస్త్రచికిత్స జయప్రదమయ్యెను. రక్తము పలుచబరచు మాత్రతో ఇల్లు చేరితిమి. పదునాలుగు మాసములకు మలము నల్లబడి, మనిషి పాలిపోయి, కడుపులో రక్తస్రావమగుచున్నదని తేలగా, వైద్యులు గత్యంతరము లేక ఆ మాత్రను మాన్పించిరి. మాన్పించిన ఆరవ వారమున ఒకనాటి తెల్లవారుజామున ఆయన మంచినీళ్లు కావలసి నోరు తెరచి "కాగితం" అనిరి. మరల "కాగితం" అనిరి. చెంబువైపు ఎడమచేయి చూపి, ఆ మాటనే విసుగుతో, తుదకు కన్నీళ్లతో పలికిరి. కుడిచేయి మంచముపై పడియుండెను. జీవితమంతయు ఇతరులకొరకు మాటలను పొల్లుపోకుండ కూర్చిన మనిషికి ఆనాడు ఆ యొక్క మాట మిగిలినది.

శస్త్రచికిత్స దినముననే ఆ సంచిని మూసియుండినచో ఈ విపత్తు తప్పియుండెడిదని నేను ప్రమాణము చేసి చెప్పజాలను. కాని మూయుట సాధ్యమనియు, ఎదురొమ్ము ఎముక చీల్చబడి, హృదయము కన్నులయెదుట నున్న ఆ సమయమునకు మించిన అదను మరియొకటి లేదనియు, గుండెను తెరువనక్కరలేకయే వెలుపలినుండి ఒక క్లిప్పుతోనైనను కుట్టుతోనైనను ఆ పని జరుగుననియు మీరు నాకంటె బాగుగ నెరుగుదురు. కెనడాలోని మెక్‌మాస్టరు విశ్వవిద్యాలయమువారి నాయకత్వమున 27 దేశములలో జరిగి, 2021లో ప్రకటితమైన 'లావోస్-3' పరిశోధన మీలో తెలియనివారుండరు. గుండె శస్త్రచికిత్సకు వచ్చిన ఏ.ఎఫ్. రోగులు 4,800 మందికి పైగా అందులో చేరిరి; వారి సగటు వయస్సు 71 సంవత్సరములు. అనగా వారు సగటున మా తండ్రిగారి యీడువారే. సుమారు నాలుగేండ్లు కనిపెట్టి చూడగా, సంచిని మూయనివారిలో నూటికి 7 మందికి పక్షవాతమో, గడ్డ మరియొక అవయవమునకు పోవుటయో సంభవింపగా, మూసినవారిలో అది 4.8కి తగ్గెను. వారిలో అధికసంఖ్యాకులు రక్తము పలుచబరచు మాత్రలు వాడుచునేయుండిరి గనుక, ఇది మాత్రకు బదులు వచ్చిన లాభము గాదు, మాత్రకు తోడుగ వచ్చిన లాభము. మాత్ర మానవలసిన దుర్దినము వచ్చినచో ఆ మూత యొక్కటియే కాపుగ నిలుచునుగదా యని నా వంటివాడు తలంచుట తప్పగునా?

ఇక లయను చక్కదిద్దుట వేరొక ఘట్టము. 1987లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున డాక్టర్ జేమ్స్ కాక్స్ కర్ణికల గోడలను నిర్ణీతరేఖలలో కోసి, మరల కుట్టి, ఆ మచ్చలనే ప్రాకారములుగ జేసి, దారితప్పి సుడులు తిరుగు విద్యుత్ప్రేరణకు ఒక్క బాటనుమాత్రమే మిగిల్చిరి. ఆ పద్ధతికి 'మేజ్' అని పేరు. మన పద్మవ్యూహమువంటిది, కాని లోనికి పోయినది వెలుపలికి వచ్చు మార్గమును ముందుగనే నిర్మించిన వ్యూహము. తరువాతివారు కత్తికి బదులు రేడియో తరంగముల వేడిమిని, అతిశీతలమును వాడి, ఆ రేఖలను త్వరగ గీయు ఉపాయము కనుగొనిరి. అమెరికా వక్ష శస్త్రవైద్యుల సంఘము 2017లో వెలువరించిన మార్గదర్శకములు ఈ చికిత్సను ద్విపత్ర కవాటపు శస్త్రచికిత్సతోబాటు మాత్రమేగాక, మా తండ్రిగారికి జరిగిన బృహద్ధమని కవాటము, బైపాస్ శస్త్రచికిత్సలతోబాటు కూడ చేయవలసినదని సిఫారసు చేసినవి.

దీనికి చెల్లింపవలసిన మూల్యమును నేను దాచుట లేదు. 2015లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, ద్విపత్ర కవాటమునకు చికిత్స పొందిన 260 మందిలో, ఈ రేఖలు గీయబడినవారిలో నూటికి 63 మందికి లయ కుదుటపడగా, గీయనివారిలో 29 మందికే కుదుటపడెను. కాని గీయబడినవారికి పేస్‌మేకరు అమర్చవలసిన అవసరము రెండున్నర రెట్లు హెచ్చెను. ఏడాది గడచునప్పటికి మరణములలో భేదము కనబడలేదు. ఎనుబది దాటి, మూత్రపిండములు బలహీనపడి, కర్ణిక ఉబ్బిపోయి, ఏండ్ల తరబడి వణకుచున్న హృదయముతో వచ్చిన వృద్ధునకు ఈ అదనపు శ్రమ వలదని శస్త్రవైద్యుడు నిర్ణయించినచో, ఆ నిర్ణయమునకు నేను శిరసు వంచెదను. నా వేదన వలదనుటనుగూర్చి గాదు. తూచి చూడకయే, వయస్సు నొక్కదానినే చూచి వలదనుటనుగూర్చి.

ఏలయన, వయస్సు ఇచ్చట ఎదురుపక్షపు సాక్షి కానేకాదు. ఫ్రేమింగ్‌హామ్ పరిశీలన 1991లోనే చాటినట్లు, ఏబదులలో నున్నవారి పక్షవాతములలో ఏ.ఎఫ్. వలన వచ్చునవి నూటికి రెండైనను లేవు. ఎనుబదులలో నున్నవారిలో అవి 23కు మించినవి. ముసలితనమునందే ఆ గడ్డ ఎక్కువగ పుట్టునప్పుడు, ముసలితనమే దానిని విడిచిపెట్టుటకు కారణమెట్లగును? పైగా "మాత్రలతో నెట్టుకొద్దాం" అన్న మాట పల్లెలో ఎట్లు నెరవేరునో ఆసుపత్రి గదిలో నుండి కనబడదు. రక్తము పలుచబరచుటకు వార్ఫరినో, ఏసిట్రోమో మ్రింగు వృద్ధురాలు రక్తపరీక్షకై పొద్దున్నే బస్సెక్కి పట్టణమునకు పోవలెను. ఆకుకూరలు ఒకవారము ఎక్కువ, ఒకవారము తక్కువ తినరాదు. కీళ్లనొప్పులకు మందులదుకాణములో నిచ్చిన బిళ్ల వేసికొనరాదు. పరీక్షాఫలము రెండుకు దిగువనున్న గడ్డ భయము, మూడునకు పైబడిన రక్తస్రావ భయము. ఈ కత్తిమీది నడకనొక్కదానినే నమ్ముకొని ఎనుబదియేండ్ల కాళ్లతో నడువుమనుట కంటె, రొమ్ము తెరచియున్న వేళ మరికొన్ని నిమిషములు నిలుచుట ఎక్కువ కరుణ యని నాకు తోచుచున్నది.

మీలో పెక్కురు ఈ పనిని ఇప్పటికే శ్రద్ధతో చేయుచున్నారు. వారికి నా నమస్కృతులు. మీ సంఘమును నేను కోరునది కొత్త చట్టమును గాదు, పెద్ద వ్యయమును గాదు. ఏ.ఎఫ్. ఉన్న వృద్ధుడు ఏ హృదయ శస్త్రచికిత్సకు వచ్చినను, లయను దిద్దెదరో లేదో, ఆ సంచిని మూసెదరో లేదో, లేనిచో ఎందుచేతనో అంగీకార పత్రమునందే వ్రాసి, అతని భాషలో అతనికి చదివి వినిపించు ఆచారమును మీ సభ్యులందరికిని ఉపదేశింపుడు. వలదన్న కారణము వ్రాయవలసివచ్చినప్పుడు మనుజుడు ఆలోచించును. ఇది మా తండ్రిగారి నలువదియేండ్ల యనుభవము.

ఆయనకిప్పుడు డెబ్బదియారు. నడచుచున్నారు; మాటలు కొన్ని తిరిగివచ్చినవి. వ్రాత మాత్రము రాలేదు. గతమాసము బ్యాంకులో ఆయన సంతకము సరిపోలలేదని కాగితము తిప్పి పంపిరి. చదువురాని రైతుల బొటనవ్రేళ్లను ఎన్ని వేలమార్లో తన చేత పట్టుకొని సిరాపై అద్దించిన ఆయన, గుమాస్తా ఎదుట తన యెడమ బొటనవ్రేలిని తానే అద్దుకొని, కాగితముపై నొక్కి, సిరాను నెమ్మదిగ తలకు తుడుచుకొనిరి.

ఆ యొక్క పంక్తిని మీ పత్రములలో చేర్పింప ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక దస్తావేజు లేఖరి కుమారుడు